చెఫలూలో నా గొంతు

ఏప్రిల్ 14, మంగళవారం

నా గొంతు నన్నడక్కుండా వాడుకున్నారు. నేను అననని మొహం మీద చెప్పిన మాటని నా గొంతుతోనే అనిపించారు. ఇది దొంగతనం. దీనికి ఇంకో పేరు లేదు.

పొద్దున మా ట్రావెల్ ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చుని టూర్ గ్రూప్ వాట్సాప్ తెరిచాను. కృష్ణకుమారి ఆంటీ వీడియో పెట్టింది. ఇక్కడ అమెరికాలోనే, మా పక్క ఊరు నేపర్‌విల్‌లో కొడుకు దగ్గర ఉంటుంది, కరీంనగర్ మనిషి. డెబ్బై దాటినా బ్యాచ్‌లో అందరికంటే ముందు నడిచేది ఆవిడే. సిసిలీలో, చెఫలూ ఊళ్ళో, పెద్ద చర్చి ఎదురుగా నిలబడి తీసింది. రెండు గోపురాలూ పడ్డాయి. ఒకదాని కొస నాలుగు పలకలు, రెండోదానిది ఎనిమిది. వెనకాల ఊరి నెత్తిన కూర్చున్నట్టుండే ఆ రాతి కొండ. అన్నీ నేను చెప్పిన చోటే ఉన్నాయి. నేనెప్పుడూ వెళ్ళలేదు. గ్రీన్‌కార్డ్ కాగితాలు నడుస్తుండగా దేశం దాటొద్దని లాయరు చెప్పాడు. అయినా అక్కడ ఏ సందు ఏ గుమ్మం ముందు తిరుగుతుందో నాకు తెలుసు.

ఆంటీ చేతిలో ఫోన్ నుంచి నా గొంతు వస్తోంది, టూర్‌వాళ్ళు ఊరు చూస్తూ వినడానికి నేను రికార్డ్ చేసిచ్చిన ఆడియో. ముందు భలే సంతోషపడ్డాను. ఇక్కడ అరోరాలో కూర్చున్న నేను అక్కడ మాట్లాడుతున్నాను కదా అని.

తర్వాత వినపడింది. "ఈ స్తంభాల మీద పద్మం చూడండి. చెక్కిన శిల్పులు మన దేశం నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళే."

నేననలేదు. మార్చిలో మా ఆఫీసు ఓనర్ కేశవరావు అంకుల్ ఇదే మాట కలపమన్నారు. ఎక్కడ రాసుంది అని అడిగాను. ఎవరో ఫార్వర్డ్ చేశారన్నారు. పాత రోమన్ కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టిన స్తంభాలని నేను చదివాను, అబద్ధం చెప్పను అన్నాను. సరేలే అమ్మాయ్, వదిలెయ్ అన్నారు.

వదిలెయ్ అన్నారు!

నాలుగుసార్లు విన్నాను. "ఓడల్లో" అన్నప్పుడు "ఓ" నేను లాగినట్టే లాగింది.


ఏప్రిల్ 15

అంకుల్ ఆఫీసుకి రాలేదు. కోపం అలాగే ఉంది. కోపమే. బాధ కాదు.


ఏప్రిల్ 16, గురువారం

అంకుల్ వచ్చారు. కాఫీ కప్పు కింద పెట్టకముందే అడిగేశాను.

"చర్చి స్తంభాల మాట ఎవరన్నారు?"

"ఎవరనడమేంది అమ్మాయ్, నువ్వే కదా." నవ్వారు.

"నేను అననన్నాను మీతో."

"అననన్నావు కాబట్టే మావాడు అనీష్‌తో కంప్యూటర్లో చేయించా. నీకు శ్రమ తప్పింది, వాడికి పని దొరికింది. కోపం దేనికి?"

"నా గొంతు వాడేముందు నన్నడగాలి కదా?"

"గొంతు ఎక్కడికి పోయింది తల్లీ? నీ దగ్గరే ఉందిగా, అరుస్తున్నావుగా!"

ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్నే తిరుగుతోంది. వస్తువు పోతే అది ఉన్న చోటు ఖాళీగా కనపడుతుంది. నేను ఏ చోటు చూపించాలి?

ఆయన ఇంకా చెప్పారు. "మనవాళ్ళు భూగోళంలో ఏ మూలకెళ్ళినా మనదేదో ఒకటి కనపడితేనే తృప్తి. రోజర్ రాజు, నార్మన్లు అంటే ఎవరికెక్కుద్ది? నువ్వు చేసింది బానే ఉంది. ఉప్పు తగ్గింది. వేశాం. అంతే."

ఉప్పట.

చలికాలమంతా ఆ ఊరి మీదే కూర్చున్నాను. డిగ్రీ మధ్యలో వదిలేసినదాన్ని, నాకెవరూ నేర్పలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి ఇటాలియన్ అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ ఊళ్ళో ఎవరో సైకిల్ మీద కెమెరా పెట్టుకుని తిరిగిన వీడియో ఉంది, దాన్ని ఆపి ఆపి ప్రతి సందూ చూశాను. పెద్దవాళ్ళు ఎంతసేపు నడిచి ఎక్కడ ఆగుతారో తెలియాలి కదా. అందుకని అమ్మని మా ఊరి ఫాక్స్ నది ఒడ్డున నడిపించాను. అమ్మ మోకాలు పట్టుకుని ఆగిన ప్రతిచోటా ఒక ముక్క మాట్లాడేదాన్ని. కాగితం మీద రాసేదాన్ని కాదు. రాస్తే చదివినట్టుంటుంది. అమ్మకి చెప్పినట్టు చెప్పి, ఇంటికొచ్చి అలమరలో చలికోట్ల మధ్య దూరి ఫోన్‌లో రికార్డ్ చేసేదాన్ని. కోట్లు బయటి చప్పుడు రానివ్వవు.

ఆ చర్చిలో బంగారు గోడ మీద అంత పెద్ద క్రీస్తు మొహం గురించి, ఆయన చేతిలో పుస్తకానికి ఒక పేజీ గ్రీకు, ఒక పేజీ లాటిన్ ఎందుకుందో చెప్పడానికి నాకు వారం పట్టింది. సిసిలీని ఏలిన నార్మన్ రాజు రోజర్ తుఫానులో బతికి బయటపడి మొక్కు తీర్చుకోవడానికి ఆ చర్చి కట్టించాడంటారు. ఇది కథే, నిజమో కాదో తెలీదు అని కూడా చెప్పాను. తెలీనిది తెలీదనే చెప్పాను.

ఉప్పు తగ్గిందట!


ఏప్రిల్ 17, శుక్రవారం

కృష్ణకుమారి ఆంటీ ఫోన్ చేసింది. అక్కడ సాయంత్రం. నేను ఆఫీసులోనే ఉన్నాను.

"దేదీప్యా, నేనే బిడ్డా. చెయ్యి ఇరిగింది."

నవ్వుతూ చెప్పింది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"అయ్యో! ఎలా ఆంటీ?"

"పాత చాకిరేవు ఉన్నది గదా, సింహం బొమ్మల నోట్లకెళ్ళి నీళ్ళు వస్తయి, ఆడ. నువ్వే చెప్పినవ్, అవి తీర్థమసొంటి నీళ్ళు, కిందికి దిగి దోసిట్ల పట్టి నెత్తిన చల్లుకోమని. చల్లుకున్న. ఎక్కేటప్పుడు మెట్టు మీద జారిన. ఎడమ చెయ్యే, ఫికర్ చెయ్యకు. ఈడి డాక్టరు పోరడు సక్కగున్నడు."

నేను చెప్పింది ఇది. నాకు కంఠతా వచ్చు. "ఒకప్పుడు ఈ ఊరి ఆడవాళ్ళు బట్టలుతికిన చోటు. మెట్లు నల్లరాయి, ఎప్పుడూ తడిగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దిగొద్దు, పైనుంచే చూడండి. పైనుంచి కూడా నీళ్ళ చప్పుడు బాగా వినపడుతుంది."

దిగొద్దన్న గొంతుతోనే దిగమన్నారు.

"ఆంటీ, అది..." అన్నాను.

"ఆగు బిడ్డా, ముందు నన్ను చెప్పనియ్యి. అన్నిట్ల కంటె సముద్రం కాడ చెప్పినవ్ చూడు. పాత కట్ట మీద కూసోని విన్న. మా ఆయన పోయినంక నేను మంచిగ ఏడ్వలేదు. నిన్న ఏడ్చిన. ఇంత చిన్న వయసుల నీకు ఆ మాట ఎట్ల తెలిసింది?"

"థాంక్యూ ఆంటీ" అన్నాను.

థాంక్యూ అన్నాను. అంతే. ఆంటీ ఫోన్ పెట్టేసింది.

అంకుల్‌కి చెప్పాను, ఆంటీ పడిందని. "అయ్యయ్యో" అని నిజంగానే కంగారు పడ్డారు. ఇన్సూరెన్సువాళ్ళకి ఫోన్ చేశారు, ఆంటీ కొడుకుతో మాట్లాడారు. తర్వాత, మెట్ల గురించి నేను చెప్పిన మాట ఎందుకు తీసేశారని అడిగితే, "టూర్‌కి వెళ్ళినోళ్ళకి జారుద్ది, పడతారు అని చెప్తే మూడ్ పాడవదూ?" అన్నారు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "అయినా చెప్పులేసుకుని దిగితే ఎక్కడైనా జారుద్ది" అన్నారు.


ఏప్రిల్ 18

ఆంటీకి ఎందుకు చెప్పలేదు?

ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషిని కంగారు పెట్టకూడదని. అందుకే.


ఏప్రిల్ 19, ఆదివారం

అనీష్ దగ్గరికెళ్ళాను. అంకుల్ కొడుకు, కాలేజీ ఆఖరి సంవత్సరం, ఇక్కడే పుట్టాడు. గరాజ్‌లో బాస్కెట్‌బాల్‌కి గాలి కొట్టుకుంటున్నాడు.

"అక్కా, నువ్వు మ్యాడ్ అవుతావ్ అని నాకు తెలీదు. నాన్న చెప్పాడు, నేను చేసాను. నీ వాయిస్ చాలా క్లీన్, దాన్ని కాపీ చేసే ఏఐ మోడల్ వెంటనే వచ్చేసింది."

"ఏవేవి నేను మాట్లాడినవి, ఏవేవి అది మాట్లాడినవి?"

"అంటే... అన్నీ అదే అక్కా."

"అన్నీనా?"

"నీవి కొన్నిట్లో నాయిస్ ఉంది. జాకెట్ జిప్ సౌండ్ అట్లా. సో అన్నీ దానితోనే మళ్ళీ చేశాను. ఈవెన్‌గా ఉంటుంది కదా."

"మరి మాటలు? మాటలైనా నావేనా?"

"చాలావరకు నీవే. కొన్ని నాన్నవి. కొన్ని షార్ట్‌గా ఉంటే దాన్నే పెంచమన్నాను. నీ స్టైల్‌లో పెంచుతుంది అది. సూపర్ కదా?"

"సముద్రం దగ్గరిది పెంచిందా?"

బంతి రెండుసార్లు నేలకేసి కొట్టాడు. "గుర్తులేదు అక్కా."

"నా ఒరిజినల్స్ ఎక్కడున్నాయి?"

"నాన్న పాత లాప్‌టాప్‌లో ఉండాలి. ఆర్ మేబీ డిలీట్ చేశానా? చూస్తా." నా మొహం చూసి, "సారీ అక్కా" అన్నాడు. వాడికి ఎందుకు సారీ చెప్తున్నాడో తెలీదు. తిట్టాలని వెళ్ళినదాన్ని, బంతికి గాలి ఎక్కువైందిరా అని చెప్పి వచ్చేశాను.

నా ఫోన్‌లో చోటు లేదని రికార్డింగులన్నీ నేనే తుడిచేశాను, ఫిబ్రవరిలో. ఆఫీసులో ఉన్నాయిలే అనుకున్నా.


ఏప్రిల్ 21, మంగళవారం

సముద్రం దగ్గరి ముక్కలో చివర ఇలా ఉంది:

"చీకటి పడకముందు కాసేపు ఇక్కడ కూర్చోండి. ఇళ్ళ గోడలు నీళ్ళలోకి దిగి ఉన్నాయి చూడండి. అలలు రోజూ వచ్చి ఆ గోడల్ని తడిమి పోతాయి. లోపలివాళ్ళు తలుపు తియ్యరు. అయినా వస్తాయి."

గోడలు నీళ్ళలోకి దిగి ఉన్నాయన్నది నాదే. ఖాయం. "తడిమి" నా మాటే, ఉప్పాడలో మా నాయనమ్మ అనేది. ఆ ఊళ్ళో సముద్రం రోడ్డునీ ఇళ్ళనీ కొట్టుకుపోతుంటే చూస్తూ పెరిగాను. అందుకని చివరి రెండు వాక్యాలు కూడా నావే అయ్యుండాలి.

అయ్యుండాలి.

మరి ఎందుకు గుర్తులేవు? మిగతావన్నీ కంఠతా వస్తాయి. ఇవి మాత్రం ఎవరో చెబితే విన్నట్టుగా ఉన్నాయి.

అమ్మకి వినిపించాను. పెసరట్టు వేస్తోంది. వింటూ అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది, అట్టు మాడింది.

"ఇది నేనేనా అమ్మా?"

"నువ్వు కాకపోతే ఎవరే? కన్నదాన్ని, నాకు తెలీదా?"

స్తంభాల ముక్క పెట్టాను.

"ఇదీ నువ్వే. భలే చెప్పావు, మనవాళ్ళు అంత దూరం వెళ్ళారా?"

తీర్థం ముక్క పెట్టాను.

"నువ్వేలేవే. ఎన్నిసార్లు అడుగుతావు? అట్టు మాడిపోయింది నీవల్ల."

కన్నదానికే తెలీలేదు. ఇంక ఎవరికి తెలుస్తుంది? నాకా?


ఏప్రిల్ 22

నాదే.


ఏప్రిల్ 24, శుక్రవారం

నాది కాదేమో.

కార్‌లో కూర్చుని నేనే ఆ మాటలు అని రికార్డ్ చేసి, దాని పక్కన పెట్టి విన్నాను. నాది అధ్వాన్నంగా ఉంది. తొందరగా అన్నాను, చివర గొంతు తెగింది. అది చక్కగా ఆగి, ఊపిరి తీసుకుని, "అయినా వస్తాయి" అంటుంది. ఊపిరి కూడా తీసుకుంటుంది దొంగముండ. నేనే దాన్ని అనుకరిస్తున్నట్టుంది.

కోపం ఎవరి మీదో కూడా తెలీట్లేదు. అంకుల్ మీదా? ఆయన మాకు మంచే చేశారు, అమ్మకి జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి డ్రైవ్ చేసింది ఆయనే. అనీష్ మీదా? ఆ యంత్రం మీద కోపం తెచ్చుకుంటే పిచ్చిదాన్నంటారు. ఇదంతా వదిలేసి ఊరుకుంటే ఏమవుతుంది? అందరూ మెచ్చుకుంటున్నారు. గ్రూప్‌లో రోజూ "దేదీప్య గారూ, సూపర్" అని పెడుతున్నారు. నేను దండం బొమ్మ పెడుతున్నాను. పెట్టే ముందు ప్రతిసారీ అనుకుంటున్నాను, కొంత నాదే కదా అని.

ఎంత?


ఏప్రిల్ 27

మొదటి బ్యాచ్ తిరిగొచ్చింది. ఆఫీసులో స్వీట్లు. నేను తినలేదు. తర్వాత ఒకటి తిన్నాను.


ఏప్రిల్ 29, బుధవారం

అంకుల్ పిలిచారు. రెండో బ్యాచ్ మే 9న విమానం ఎక్కుతుంది. అవే ఆడియోలు. "ఇంకోటి చేద్దాం. ఆ కొండ మీద పాత గుడి ఒకటుందిగా, రాళ్ళతో కట్టింది."

"దానికి డయానా గుడి అని పేరు అంకుల్. దాని గురించి సరిగ్గా తెలిసింది తక్కువ."

"తెలిసింది తక్కువైతే మనం చెప్పేది ఎక్కువుండాలి. శివుడి గుడి పోలికలున్నాయని ఒక మాట వెయ్యి."

"నేను చెప్పను."

"నిన్ను చెప్పమన్నానా? నీకు ముందుగా తెలియాలి కదా అని చెప్తున్నా. ఈసారి అడగలేదనద్దు."

ఇదీ అడగడం!

"తీర్థం మాటైనా తీసెయ్యండి. ఒక చెయ్యి విరిగింది."

"తీస్తే ఆ ముక్క చప్పగా ఉంటది. జాగ్రత్తగా దిగండి అని ఒక మాట కలిపిద్దాంలే. అనీష్ చూస్తాడు."

నా గొంతుతోనే. నన్నడక్కుండానే. ఈసారి చెప్పి మరీ.


మే 2, శనివారం

ఆంటీకి ఫోన్ చేశాను. చెయ్యకుండా ఉండటానికి పొద్దున్నుంచి ఇల్లంతా తుడిచాను, తుడిచిందే మళ్ళీ తుడిచాను. ఆఖరికి చేశాను.

"ఆంటీ, నేను దేదీప్యని. చెయ్యి ఎలా ఉంది?"

"కట్టు ఏసిన్రు. మంచిదే అయింది. మా కోడలు అన్నం కలిపి ఇస్తుంది. ఇన్నేండ్లల ఎన్నడన్న ఇచ్చిందా? నువ్వు పంపినందుకు నాకు లాభమే అయింది బిడ్డా."

"ఆంటీ, మీకు ఒక మాట చెప్పాలి. ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోమని చెప్పింది నేను కాదు."

"మరెవరు?"

"కంప్యూటరండీ. అచ్చం నా గొంతులా మాట్లాడేటట్టు చేశారు. నేను దిగొద్దనే చెప్పాను. ఆ మాట తీసేసి ఇది పెట్టారు. అక్కడుండగా మీరు ఫోన్ చేసినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

వెనకాల టీవీ వినపడుతోంది. ఎవరో దాని సౌండ్ తగ్గించారు.

"మరి సముద్రం కాడ?"

"తెలీదు ఆంటీ."

"తెల్వదా?"

"కొంత నాదే. చివర, తలుపు తియ్యకపోయినా అలలు వస్తాయన్న మాట ఉంది చూడండి, అది నాదో కాదో నాకే తెలీట్లేదు."

లైన్ కట్ అయిందేమో అని చూసుకున్నాను.

"అయితే ఇప్పుడు నాతోని మాట్లాడేది ఎవరు?"

"నేనే ఆంటీ."

"అది సుత అట్లనే అంటది గద బిడ్డా."

నేనే అని ఎలా చెప్పాలి? ఏం చెప్పినా నా గొంతుతోనే చెప్పాలి. అరిచినా అదే గొంతు. ఏడ్చినా అదే.

"ఆంటీ, నిజంగా నేనే."

"నాకు కోపం లేదు. చెయ్యి అతుక్కుంటది. కని నేను మా ఆయనను తలుసుకొని ఏడ్చిన. ఎవరి మాటకు ఏడ్చిన్నో నాకు తెల్వాలె గద. మనిషి మాటకా? ఉత్తగనే ఏడ్చిన్నా? నువ్వు తెల్సుకో. తెల్సినంక ఇంటికొచ్చి చెప్పు, నా ఎదురుంగ కూసోని. ఫోన్ల వద్దు."

సరే అన్నాను. పెట్టేసింది.

గొంతు ఎక్కడికి పోయింది అని అంకుల్ అడిగారు కదా. ఇక్కడికి పోయింది. నేను నేనే అంటే నమ్మని చోటికి.


మే 3, ఆదివారం

అంకుల్‌కి మెసేజ్ పంపాను. ఇక్కడ కూడా దించుకుంటున్నాను. రేపు ఇలా అన్నానో లేదో అని నాకే అనుమానం రాకుండా. ఉద్యోగం పోవచ్చు. అమ్మకి ఇంకా చెప్పలేదు.

"శనివారం బయల్దేరే బ్యాచ్ ఫోన్లలోకి నా గొంతు వెళ్ళకూడదు. స్తంభాలు, తీర్థం, శివుడి గుడి మాత్రమే కాదు. మొత్తం. నేను చెప్పిన మాటలు కూడా. సముద్రం దగ్గరిది కూడా, అది అందరికీ నచ్చినా సరే, నాదే అయినా సరే. దాంట్లో నా మాట ఏదో, కానిది ఏదో విడదీయలేనప్పుడు ఏదీ నా పేరు మీద ఉండటానికి వీల్లేదు. నా గొంతుతో తయారుచేసింది అనీష్ దగ్గర ఏదుంటే అది నా కళ్ళముందు తుడిచెయ్యాలి.

పాత లాప్‌టాప్ బయటకి తియ్యండి. మీరు, నేను, అనీష్ కూర్చుని ఉన్నవన్నీ విందాం. లేకపోతే లేవని చెప్పండి. అది కూడా నాకు తెలియాలి. కృష్ణకుమారి ఆంటీకి నేను జవాబు చెప్పాలి.

మెట్లు దిగొద్దన్న మాట మీరే మీ గొంతుతో చెప్పి పంపండి. ఊరి గురించి నాకు తెలిసిందంతా కాగితం మీద రాసిస్తాను, తెలీనిది తెలీదని రాస్తాను. ఎవరికి కావాలంటే వాళ్ళు చదువుకుంటారు.

ఇవి చెయ్యకపోతే రెండో బ్యాచ్‌లో ప్రతి ఇంటికీ నేనే వెళ్ళి చెప్తాను. వాళ్ళు బయల్దేరేలోపే వెళ్తాను.

బుధవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపు నాకు జవాబు కావాలి. ఫోన్ చెయ్యొద్దు, వాయిస్ మెసేజ్ పెట్టొద్దు. నా ఎదురుగా నిలబడి, నోరు తెరిచి చెప్పండి."